పథ్యం చేయవలసింది రోగి ఒక్కరేనా?

గుజరాతీలలో ఒక పాత సామెత ఉంది: భోజనం చేస్తే సూరత్‌లో చేయాలి, కన్ను మూస్తే కాశీలో మూయాలి. సూరత్ వంటకు ఆ కీర్తి ఊరికే రాలేదు. శీతాకాలం వచ్చిందంటే పాపడీ చిక్కుళ్లు, కంద, పచ్చి వెల్లుల్లి, మెంతికూర కలిసిన ఉంధియూ ఇంటింటా ఉడుకుతుంది. పాలు పట్టిన జొన్న కంకులను నిప్పులపై కాల్చి, గింజలు దులిపి, పోంక్ పేరుతో అమ్ముతారు. నూనె కాస్త తగ్గిస్తే చాలు, దీర్ఘకాలిక వాపు వ్యాధులున్నవారికి నేటి వైద్యశాస్త్రం సూచించే పళ్ళానికి ఇంతకంటె దగ్గరి దేశీయ నమూనా దొరకడం కష్టం. అదే నగరంలో, సాంచాల చప్పుడు రాత్రింబవళ్లు ఆగని వీధులలో, ఆ వంటకు ఆమడ దూరంలో బతికే వలస కార్మికులు లక్షల్లో ఉన్నారు. వారిలో తెలుగువారి సంఖ్యా తక్కువేమీ కాదు.

ఆ వీధుల్లో ఎవరికైనా కీళ్లవాతమో, పెద్దపేగు పూతో, సొరియాసిసో వచ్చిందనుకుందాం. మొదట వినిపించే సలహా ఒకటే: ‘తిండి మార్చుకో, తగ్గిపోతుంది.’ వైద్యుడు చెబుతాడు, పక్కింటివారు చెబుతారు, యూట్యూబ్ చెబుతుంది. ఈ సలహాలో వైద్యపరంగా కొంత నిజముంది. కానీ తిండి మార్చుకొనే అధికారం ఆ రోగి చేతిలో ఎంత ఉందన్నది రాజకీయ ప్రశ్న. దాన్ని అడిగేవారు అరుదు.

ఓటుకు, రేషనుకు మధ్య

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు చేమగ్గం చితికిపోయిన కొద్దీ షోలాపూర్‌కు, భివండికి, ముంబైకి, సూరత్‌కు తరలిపోయిన చరిత్ర తెలిసిందే. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా పరిసరాలు వారికి రెండో ఊరయ్యాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడపవలసినంతగా వారి ఉనికి అక్కడ స్థిరపడింది. అయినా రాజకీయ లెక్కల్లో వారి స్థానం అస్పష్టమే. కొందరి ఓటు స్వగ్రామంలో ఉంటే, కొందరిది సూరత్‌లో. కొందరి రేషన్ కార్డు తెలంగాణది, బతుకు గుజరాత్‌ది.

2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగిలినవారు తప్పుకోవడంతో బీజేపీ అభ్యర్థి ముఖేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆ స్థానంలో పోలింగే జరగలేదు. లింబాయత్, ఉధ్నా నవసారి లోక్‌సభ స్థానం కిందికి వస్తాయి కనుక అక్కడివారు ఓటు వేయగలిగారు. కానీ వేసిన చోటా, వేయని చోటా ఒక విషయం మాత్రం సమానం. కార్మికుడి పళ్ళెంలో ఏముందన్నది ఎన్నికల అంశం కాలేదు.

తిండి చేయగలిగింది, చేయలేనిది

ముందు వైద్యం సంగతి తేల్చుకోవాలి. దెబ్బ తగిలిన చోట ఎర్రబడటం, వేడెక్కడం, వాయడం, నొప్పి పుట్టడం శరీరం తనను తాను కాపాడుకొనే పద్ధతి. పని ముగియగానే ఆ మంట చల్లారాలి. కొందరిలో అది చల్లారదు. కాపలా కాయవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్లపైనో, పేగు గోడలపైనో, చర్మంపైనో తిరగబడుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతం, క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్, సొరియాసిస్, వెన్నుపూసను బిగించే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఈ కుటుంబానికి చెందినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఒక్క రుమటాయిడ్ కీళ్లవాతంతోనే ప్రపంచవ్యాప్తంగా 1.8 కోట్ల మంది బాధపడుతున్నారు. వారిలో దాదాపు 70 శాతం స్త్రీలు. మన దేశంలో ఢిల్లీ సమీప గ్రామాలలో చేసి 1993లో ప్రచురించిన అధ్యయనం పెద్దలలో 0.75 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్లు తేల్చింది. అంటే వెయ్యిమందిలో ఏడెనిమిది మంది. చిన్న సంఖ్యలా కనిపించే ఈ లెక్కను దేశ జనాభాకు అన్వయిస్తే అది లక్షలను దాటిపోతుంది.

ఈ మంటను ఆహారం ఎంతవరకు తగ్గించగలదు? అమెరికా రుమటాలజీ కళాశాల 2022 మార్గదర్శకాలలో రుమటాయిడ్ కీళ్లవాతానికి ఒకే ఒక ఆహార విధానాన్ని, అదీ షరతులతో, సూచించింది. కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, ముడిధాన్యాలు, గింజలు, చేపలు ప్రధానంగా ఉండే మధ్యధరా ప్రాంతపు ఆహారమది. మిగతా ప్రత్యేక ఆహార నియమాలను, పోషక మాత్రలను వద్దంది. గట్టిగా సిఫార్సు చేసింది మాత్రం క్రమం తప్పని వ్యాయామాన్నే. ఐరోపా రుమటాలజీ సంఘాల సమాఖ్య 2021 సిఫార్సులలో మరింత ముక్కుసూటిగా మాట్లాడింది. ఏదో ఒక పదార్థం తినడం వల్ల గానీ మానడం వల్ల గానీ వ్యాధిలో పెద్ద మార్పు వచ్చే అవకాశం తక్కువని, మొత్తంమీద ఆరోగ్యకరమైన ఆహారం, అదుపులో బరువు ముఖ్యమని పేర్కొంది.

పేగు వ్యాధుల కథ కొంత వేరు. 21 దేశాలలో 1,16,087 మందిని ఏళ్ల తరబడి గమనించి 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో మన దేశం కూడా ఉంది. చిప్స్, శీతల పానీయాలు, ప్యాకెట్ మిఠాయిలు, నిల్వ మాంసం వంటి అతిగా శుద్ధిచేసిన ఆహారం ఎక్కువగా తినేవారిలో పేగుపూత వ్యాధుల ముప్పు ఎక్కువగా కనిపించింది. అది కారణమని రుజువు చేయలేదు గానీ సంబంధాన్ని స్పష్టంగా చూపింది. పిల్లలలో క్రోన్స్ వ్యాధికి కొన్ని వారాలపాటు కేవలం ద్రవ పోషకాహారమే తొలి చికిత్సగా ఇస్తారు. మరోవంక పేగు సన్నబడిన రోగికి పీచు ఎక్కువైతే అదే ప్రమాదం. బరువు ఎక్కువున్న సొరియాసిస్ రోగికి బరువు తగ్గడం ఉపశమనం. పొగతాగడం రుమటాయిడ్‌కూ క్రోన్స్‌కూ ఆజ్యం పోయడమే. ఒకరి పథ్యం మరొకరికి పథ్యం కాదు.

సారాంశం ఇది: మందు ముందు, తిండి తోడు. తిండి మందుకు ప్రత్యామ్నాయం కాదు, తిండి లేకుండా మందూ సరిగా పనిచేయదు. ఈ రెండు వాక్యాలలో ఏ ఒక్కదాన్ని విడదీసి చెప్పినా రోగికి హాని జరుగుతుంది.

పథ్యం పేరిట కోత

తెలుగు సమాజంలో పథ్యానికి లోతైన వేళ్లున్నాయి. లంఖణం పరమౌషధమన్న నానుడి ఇప్పటికీ చెల్లుబాటులో ఉంది. కీళ్లనొప్పి అనగానే వంకాయ, గోంగూర, చింతపండు, దుంపలు మానేయమంటారు. కందిపప్పు వాతం చేస్తుందంటారు. పెరుగు పులుపంటారు, గుడ్డు వేడి అంటారు. ఇంత జాబితా దాటి వచ్చాక పేదింటి పళ్ళెంలో మిగిలేది తెల్లన్నం, చారు. రుమటాయిడ్ రోగిలో వ్యాధే కండను కరిగిస్తుంది. ఆపైన పప్పు, గుడ్డు, పెరుగు మానిపిస్తే ఆ కరుగుదలకు ఇంటివారే చేయూతనిచ్చినట్లవుతుంది. సంపన్న రోగి పథ్యమంటే ఒకటి మాని మరొకటి తినడం. పేద రోగి పథ్యమంటే ఒకటి మానడం, అంతే.

ఈ ఖాళీలోకే పొడులు, లేహ్యాలు, పేరులేని బిళ్ళలు చొరబడతాయి. రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే మందులో స్టెరాయిడ్ ఉండే అవకాశాన్ని ఏ రోగీ ఊహించడు. నెలల తరబడి అది ఒంట్లోకి పోతే చక్కెర పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. కీళ్లవాతం సహా ఒక జాబితాలోని జబ్బులను నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం నిషేధించింది. ఏడు దశాబ్దాల తర్వాత, 2024లో, సుప్రీంకోర్టు పతంజలి సంస్థ ప్రకటనలపై విచారణ జరిపి పత్రికల్లో బహిరంగ క్షమాపణ ప్రచురింపజేయవలసి వచ్చిందంటే ఆ చట్టం ఎంత కాలం నిద్రపోయిందో అర్థమవుతుంది. జాతీయ స్థాయి ప్రకటనకే అంత కాలం పడితే, వీధి చివర అమ్మే పొట్లాన్ని పట్టుకొనేదెవరు?

అయిదు కిలోల అంకగణితం

పళ్ళెంలో ఏమి ఉండాలో చెప్పే అధికారిక సంస్థ తెలుగు నేలమీదే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారతీయులకు 17 ఆహార సూత్రాలను విడుదల చేసింది. దేశంలోని మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతం అనారోగ్యకర ఆహారంతో ముడిపడినదేనని అంచనా వేసింది. రెండు వేల కేలరీల పళ్ళెంలో రోజుకు సుమారు 250 గ్రాముల ధాన్యం, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, పప్పు-గుడ్డు-మాంసం కలిపి 85 గ్రాములు, పాలు, కొద్దిగా గింజలు ఉండాలన్నది. ధాన్యం నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించరాదన్నది.

ఇక జాతీయ ఆహార భద్రతా చట్టాన్ని చూడండి. 2013 నాటి ఆ చట్టం ప్రాధాన్య కుటుంబాలలో మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యానికి హామీ ఇచ్చింది. రోజుకు 167 గ్రాములు. పోషకాహార సంస్థ చెప్పిన ధాన్యంలో మూడింట రెండు వంతులు ప్రభుత్వమే ఇస్తోంది. మెచ్చుకోవలసిన విషయమే. మిగతా పళ్ళానికి హామీ సున్నా. పప్పు బృందాన్నే తీసుకుంటే నలుగురున్న కుటుంబానికి నెలకు పది కిలోలకు పైగా కావాలి. కూరగాయలైతే 48 కిలోలు. ఈ రెంటినీ కార్మికుడు మగ్గం మీద నేసిన మీటర్ల లెక్కన వచ్చే కూలితో కొనుక్కోవాలి. కీళ్లు బిగిసి ఒక వారం మగ్గానికి వెళ్లకపోతే ఆ వారం కూలీ లేదు, కూరా లేదు.

ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, గుజరాత్-మహారాష్ట్ర జంటలతోనే మొదలైంది. 2022 జూన్‌కు దేశమంతా విస్తరించింది. సిరిసిల్ల కార్డుతో సూరత్‌లో బియ్యం, గోధుమలు తీసుకోవచ్చు. గొప్ప సౌకర్యం. కానీ రాష్ట్రాలు తమ సొంత నిధులతో ఇచ్చేవి కార్డుతోపాటు ప్రయాణించవు. 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన తెలంగాణ సన్నబియ్యం వాపీ దాటదు. గుజరాత్ తన సొంత కార్డుదారులకు రాయితీపై ఇచ్చే కందిపప్పు, శనగలు తెలంగాణ కార్డుకు అందవు. కార్మికుడు రెండు రాష్ట్రాల నడుమ ఉంటే పప్పు రెండు రాష్ట్రాల నుంచీ జారిపోతుంది.

పప్పు పంచడం సాధ్యం కాదన్న వాదన నిలవదు. 2020లో కొవిడ్ కాలంలో కేంద్రమే నెలకు కుటుంబానికి కిలో చొప్పున పప్పు లేదా శనగలు ఎనిమిది నెలలు పంచింది. తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ ఏళ్లుగా రేషన్‌లో పప్పు ఇస్తున్నాయి. అడ్డు గిడ్డంగి కాదు, ఆలోచన. కడుపు నిండితే చాలునన్న 1980ల నాటి లెక్కలోనే మన సంక్షేమ రాజకీయం ఆగిపోయింది. రెండు రూపాయల బియ్యం ఆనాడు ఆకలికి జవాబు. నేటి జబ్బుకు సన్నదైనా దొడ్డుదైనా బియ్యం ఒక్కటే జవాబు కాజాలదు.

పాళీ, పళ్ళెం, స్త్రీ

సాంచాల పని పన్నెండు గంటల పాళీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి తిరిగేవారుంటారు. నిద్ర వేళ తప్పితే, భోజన వేళ తప్పితే శరీరంలో వాపును పెంచే రసాయనాలు పెరుగుతాయని రాత్రి పాళీల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మగ్గం వదిలి కూర్చొని తినే విరామం దొరకని చోట చాయ్, గాఠియా, వడాపావ్ భోజనమవుతాయి. మావా, గుట్కా ఆకలిని మరిపిస్తాయి. ఇది కార్మికుడి నాలుక రుచి సమస్య కాదు. అయిదు నిమిషాల్లో, ఒంటి చేత్తో, పది ఇరవై రూపాయల్లో తినగలిగేది అదొక్కటే కావడం సమస్య.

స్త్రీల స్థితి ఇంకా కఠినం. ఈ వీధుల్లో ఇంటి గడపమీద కూర్చొని చీరలకు రాళ్లు అతికించడం, దారపు పోగులు కత్తిరించడం ముక్కకు ఇంత చొప్పున సాగే పని. రుమటాయిడ్ మొదట పట్టేది వేళ్లనే. ఉదయం గంటసేపు పిడికిలి బిగియని స్త్రీకి ఆ గంట కూలీ లేనిదే. అందరూ తిన్నాక తినే ఆమె పళ్ళెంలో పప్పు అడుగంటి ఉంటుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత గుజరాత్‌లో 65 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇక్కడొక చిక్కుముడి ఉంది. దీర్ఘకాలిక వాపు ఉన్న శరీరం ఇనుమును నిల్వల్లో బంధించి రక్తానికి అందనీయదు. అలాంటి స్త్రీకి ఇనుము మాత్రలు మాత్రమే ఇచ్చి పంపితే, ఇనుము కలిపిన బలవర్ధక బియ్యం మాత్రమే ఇస్తే, రక్తం పెరగదు. మంట ఎక్కడుందో ఎవరూ వెతకరు. రక్తహీనత కార్యక్రమం గణాంకాల్లో ఆమె మాత్రలు అందుకున్న లబ్ధిదారు, ఇంట్లో బద్ధకస్తురాలు.

మందు అందే దూరం

ఆహారం తోడు మాత్రమే అన్నప్పుడు అసలు మందు సంగతేమిటి? రుమటాయిడ్ చికిత్సకు పునాది అయిన మెథోట్రెక్సేట్ చవకైనది. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నది. అది లొంగని జబ్బులకు వాడే ఖరీదైన అడలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి ప్రతిరూప ఔషధాన్ని 2014 డిసెంబరులో విపణిలోకి తెచ్చింది గుజరాత్‌లోని అహ్మదాబాద్ కేంద్రంగా ఉన్న జైడస్. మందుల తయారీలో దేశానికి తలమానికమైన రాష్ట్రంలో, ఆ మందు అవసరమైన నేతకార్మికుడు దానికి ఎందుకు దూరం?

2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమా ఆసుపత్రిలో చేరిన రోగికి వర్తిస్తుంది. గుజరాత్ 2023లో ఆ పరిమితిని పది లక్షలకు పెంచింది. తెలంగాణ అదే ఏడాది చివర ఆరోగ్యశ్రీని పది లక్షలు చేసింది. అంకె పెరిగింది, స్వభావం మారలేదు. వాపు వ్యాధులున్నవారికి కావలసింది ఏడాదికొక శస్త్రచికిత్స కాదు. నెలనెలా వైద్యుడి దర్శనం, రక్తపరీక్ష, మాత్రలు. అవి బీమాలో లేవు. కీలు అరిగి మార్పిడి చేయవలసినంత పాడైతే ప్రభుత్వం లక్షలు చెల్లిస్తుంది. అరగకుండా ఆపే మాత్రకు చెల్లించదు. జాతీయ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమం మధుమేహం, రక్తపోటు, క్యాన్సర్, పక్షవాతంతో మొదలై తర్వాత మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, కొవ్వు కాలేయాన్ని చేర్చుకుంది. రుమటాయిడ్‌కు, పేగుపూతకు అందులో చోటు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలోనూ వీటి పేరు విడిగా లేదు. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఈఎస్ఐ వర్తించాలి. మగ్గాలను చిన్న చిన్న యూనిట్లుగా చీల్చి చూపే పరిశ్రమలో ఆ హక్కు కాగితం దాటి రావడం కష్టం.

భాష మరో ప్రమాదం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మందు వేసుకొనేవారు మద్యం ముట్టరాదు, ఫోలిక్ ఆమ్లం విడవరాదు. ఇన్ని హెచ్చరికలున్న మందు డబ్బీ మీద ఇంగ్లీషు, చీటీ మీద గుజరాతీ. చదవవలసినవారికి వచ్చింది తెలుగు, పక్కింటివారికి వచ్చింది ఒడియా. పిల్లలకు తెలుగులో పాఠం చెప్పగల నగరం వారి తల్లికి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో చెప్పలేదా?

పసుపు రాజకీయం, ప్యాకెట్ రాజకీయం

వాపు అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది పసుపు. రాజకీయ పాఠకులకు దానితోపాటు నిజామాబాద్ గుర్తుకు రావాలి. 2019లో పసుపు బోర్డు కోసం రైతులు బారులు తీరి నామినేషన్లు వేస్తే ఆ స్థానంలో 185 మంది అభ్యర్థులు నిలిచారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. రైతు పోరాటానికి అది న్యాయమైన ఫలితం. కానీ పసుపును సర్వరోగ నివారిణిగా అమ్మే ప్రచారం వేరు. అందులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో వాపును తగ్గించినా నోటి ద్వారా తీసుకుంటే ఒంటికి పట్టేది స్వల్పం. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, నిర్ధారణకు చాలనివి. కూరలో పసుపు మంచిదే. మెథోట్రెక్సేట్ మానేసి పసుపు పాలు తాగడం మంచిది కాదు. ఈ తేడాను చెప్పే బాధ్యత కూడా ఆ బోర్డుకు ఉండాలి.

ప్యాకెట్ ఆహారం విషయంలో కేంద్రం మాటకూ చేతకూ పొంతన లేదు. 2025 జనవరిలో పార్లమెంటు ముందుంచిన ఆర్థిక సర్వే అతిగా శుద్ధిచేసిన ఆహారంపై ఆందోళన వ్యక్తం చేసి, ఎక్కువ పన్ను వేసే అంశాన్నీ పరిశీలించవచ్చంది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పులు శీతల పానీయాలపై పన్నును 40 శాతం చేశాయి గానీ, బిస్కెట్లు, నమ్కీన్, ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను అయిదు శాతానికి దించాయి. మందులపై కూడా పన్ను తగ్గించారు, సంతోషం. జబ్బుకు దారితీసే పొట్లానికీ, ఆ జబ్బుకు వాడే మాత్రకూ ఒకే అయిదు శాతం వేయడంలో ఏ ఆరోగ్య విధానం ఉందో పాలకులు చెప్పాలి. ప్యాకెట్ ముందు భాగాన ఉప్పు, చక్కెర, కొవ్వుల హెచ్చరిక ముద్రించాలన్న డిమాండ్ పాతది. ఆహార ప్రమాణాల సంస్థ 2022 సెప్టెంబరులో హెచ్చరికకు బదులు నక్షత్రాల ముసాయిదా తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టి తేల్చమంది. ఆ తర్వాతా గడువు పొడిగింపులే మిగిలాయి. ఇంగ్లీషు చదవలేని కార్మికుడికి నక్షత్రం మెచ్చుకోలుగా కనిపిస్తుంది, నల్లని హెచ్చరిక గుర్తు మాత్రమే ప్రమాదంగా కనిపిస్తుంది.

1994 నేర్పిన పాఠం

దీనికి ఒక అభ్యంతరం సహజం. తిండి వ్యక్తిగత విషయం, ప్రతి ఇంటి కుండలోకి ప్రభుత్వం తొంగిచూడాలా? నిజానికి ప్రభుత్వం ఎప్పుడో కుండలో ఉంది. ఏ ధాన్యానికి మద్దతు ధర, ఏ నూనెకు దిగుమతి సుంకం, ఏ పిల్లవాడికి గుడ్డు అన్నది నిర్ణయిస్తున్నది ప్రభుత్వమే. సిరిసిల్ల ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది. సూరత్ తెలుగు బడిలో చదివే వారి బంధువుల పిల్లవాడి పళ్ళెంలో ఉండదు, ఎందుకంటే గుజరాత్ ఆ పథకంలో గుడ్డు ఇవ్వదు. దీనిని పిల్లవాడి వ్యక్తిగత ఎంపిక అనగలమా?

వనరులు పరిమితం కదా, వెయ్యిలో ఎనిమిది మంది కోసం ఇంత యంత్రాంగమా అన్నది మరో ప్రశ్న. పప్పు, కూర, నిద్ర, చెప్పిన వేళకు భోజనం ఆ ఎనిమిది మందికే కాదు, మధుమేహం, రక్తపోటు ఉన్న మిగతా వందలమందికీ మేలు చేసేవే. వాపు రోగి పళ్ళెం బాగుపడితే వీధి మొత్తం పళ్ళెం బాగుపడుతుంది.

సూరత్‌కు ఈ పాఠం కొత్తది కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు లక్షలమంది రైళ్లెక్కి పారిపోయారు. యాభైకి పైగా ప్రాణాలు పోయాయి. పేదల మురికివాడలను, వలస కార్మికుల అలవాట్లను నిందించడానికి ఆనాడూ నోళ్లు లేచాయి. కానీ 1995లో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు నింద పంచుతూ కూర్చోలేదు. చెత్త ఎత్తే వేళలు మార్చారు, అధికారులను కార్యాలయాల నుంచి వీధుల్లోకి దింపారు, మురికివాడలకు కాలువలు, దారులు వేయించారు. హోటళ్లకైనా పెద్దలకైనా నిబంధన ఒకటేనన్నారు. కొద్దికాలంలోనే సూరత్ పరిశుభ్ర నగరాల వరుసలో చేరింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్‌తో కలిసి ప్రథమ స్థానంలో నిలిచింది.

తేడా ఒక్కటే. ప్లేగు అంటుకుంటుంది, అందుకే ధనికుడి గడపా భయపడింది, ప్రభుత్వం కదిలింది. కీళ్ల మంట అంటుకోదు. ఒక్క ఒంట్లో, ఒక్క గదిలో, చప్పుడు లేకుండా కాలుతుంది. అంటని జబ్బుకు ఓటు బలం ఉండదు.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. రేషన్ కార్డుతోపాటు దేశమంతా తిరిగే సరుకులలో పప్పును చేర్చాలి. నిర్మాణ కార్మికులకు అయిదు రూపాయలకు భోజనం పెట్టే గుజరాత్ శ్రామిక్ అన్నపూర్ణ కేంద్రాలను మరమగ్గాల వీధులకూ విస్తరించి, పళ్ళెంలో ఆకుకూర, పప్పు ఉండేలా చూడాలి. ఆయుష్మాన్ కార్డుకు నెలవారీ మందులను, పరీక్షలను జోడించాలి. అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమంలో వాపు వ్యాధులకు ఒక వరుస కేటాయించాలి. సూరత్ పట్టణ ఆరోగ్య కేంద్రాలలో తెలుగు, ఒడియాలలో మందు చీటీ ఇచ్చే ఏర్పాటు నగరపాలక సంస్థ ఒక్క తీర్మానంతో చేయగలదు. పాళీ మధ్యలో కూర్చొని తినే విరామాన్ని కార్మిక శాఖ తనిఖీ చేయాలి. వలస వెళ్లినవారిని పండుగకు ఊరొచ్చే అతిథులుగా, ఎన్నికలకు బస్సుల్లో తెచ్చే ఓటర్లుగా మాత్రమే చూసే తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు గుజరాత్‌తో కూర్చొని ఈ విషయాలు మాట్లాడాలి.

అప్పటివరకు రోగులు చేయగలిగినంత చేస్తూనే ఉంటారు. దొరికిన రోజు పెసలు నానబెడతారు, మావా మానుతారు, మాత్ర వారానికి ఒకటే వేసుకుంటారు, వేళ్లు కదిలినంత మేర కదిలిస్తారు. వారి వంతు పథ్యం వారు చేస్తున్నారు. బియ్యం బస్తా బరువుతో సంక్షేమాన్ని తూచే అలవాటు మానుకోవడం ప్రభుత్వాల వంతు పథ్యం. అది ఇంకా మొదలు కాలేదు.